ఓరిగెన్‌ని చదవాలంటే మొదట ఏ పుస్తకం తీయాలి?

మూడో శతాబ్దపు బైబిలు వ్యాఖ్యాత ఓరిగెన్ పేరు చెప్పగానే మన వేదాంత విద్యార్థులకు గుర్తొచ్చేవి రెండే. మత్తయి 19:12ని అక్షరాలా తీసుకుని తనను తాను నపుంసకుణ్ణి చేసుకున్నాడన్న కథ ఒకటి. చివరికి అందరూ రక్షింపబడతారని బోధించి, చనిపోయిన మూడు వందల ఏళ్లకు సంఘం చేత శాపం మోశాడన్న మాట ఇంకొకటి. ఈ రెండూ విని ఆసక్తి పుట్టినవాళ్లు నేరుగా 'ప్రథమ సూత్రాలు' దగ్గరికి వెళ్తారు, గొడవంతా ఆ గ్రంథం చుట్టూ నడిచింది కాబట్టి. దేవదూతల పతనం, ఆత్మల పూర్వస్థితి, ఎన్నో లోకాలు వరసగా ఎదురయ్యేసరికి బెదిరిపోయి, ఈయన క్రైస్తవుడా, గ్రీకు తత్వవేత్తా అనే సందేహంతో పుస్తకం మూసేస్తారు.

అందుకే నా సలహా ముందే చెప్పేస్తున్నాను. ప్రథమ సూత్రాలతో మొదలుపెట్టకండి, ప్రసంగాలతో మొదలుపెట్టండి. ఓరిగెన్ బతుకంతా బైబిలు విప్పి చెప్పడంలోనే గడిచింది. ఆ మనిషిని బోధపీఠం మీద చూశాక ఆయన సిద్ధాంతాలను చదివితే అవి వేరే రంగులో కనిపిస్తాయి. అయితే అందరి అవసరమూ ఒకటి కాదు. ప్రార్థన గురించి చదవాలనుకునేవాళ్లు, విమర్శలకు జవాబులు వెతికేవాళ్లు, సిద్ధాంత చరిత్ర మీద పరీక్ష రాయాల్సినవాళ్లు వేరే దారిలో వెళ్లాలి. ఆ దారులు కూడా చెబుతాను.

ముందు ఆయన జీవితం కొంత తెలియాలి. క్రీ.శ. 185 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో పుట్టాడు. తండ్రి లియోనిదెస్ తనే దగ్గర కూర్చోబెట్టుకుని లేఖనాలు నేర్పాడు. 202లో రోమా చక్రవర్తి సెప్తిమియస్ సెవెరస్ కాలపు హింసలో ఆ తండ్రి హతసాక్షి అయ్యాడు. తానూ వెళ్లి ప్రాణం ఇస్తానని పట్టుబట్టిన కొడుక్కి అప్పటికి పదిహేడేళ్లు నిండలేదు. తల్లి అతని బట్టలు దాచేసింది. కదలడానికి వీల్లేక ఆ కుర్రవాడు చెరలో ఉన్న తండ్రికి ఉత్తరం రాశాడు, మా కోసం మీ మనసు మార్చుకోవద్దని. ఇంటి ఆస్తి జప్తయింది. ఏడుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడైన ఓరిగెన్ వ్యాకరణం చెప్పి ఇల్లు నడిపాడు. తర్వాత బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లకు బోధించే బాధ్యత మీద పడితే, తన దగ్గరున్న గ్రీకు సాహిత్యమంతా అమ్మేసి, కొన్నవాడు రోజుకు ఇచ్చే నాలుగు ఒబోలుల (చిన్న నాణేల) మీద బతికాడు.

ఆయన అంత రాయగలగడానికి కారణం అంబ్రోస్ అనే ధనవంతుడు. (మిలాను బిషప్ అంబ్రోస్ ఈయన తర్వాతి శతాబ్దం మనిషి, కలిపేసుకోకండి.) సంఘం తప్పుబట్టిన జ్ఞానవాద బోధకుడు వాలెంటినస్ అనుచరుల బోధలో ఉన్న అంబ్రోస్‌ని ఓరిగెన్ సంఘంలోకి తెచ్చాడు. కృతజ్ఞతగా అంబ్రోస్ ఏడుగురికి పైగా శీఘ్రలేఖకులను, అంతే మంది నకలు రాసేవాళ్లను, చక్కని దస్తూరీ ఉన్న అమ్మాయిలను ఆయనకు ఏర్పాటు చేశాడు. 230ల మొదట్లో పాలస్తీనా బిషప్పులు ఓరిగెన్‌కి ప్రెస్బితెరుగా, అంటే సంఘ పెద్దగా, అభిషేకం చేశారు. అలెగ్జాండ్రియా బిషప్ దెమెత్రియస్ దానికి మండిపడ్డాడు. ఓరిగెన్ ఊరు విడిచి కైసరయలో స్థిరపడ్డాడు. 250లో డేసియస్ చక్రవర్తి హింసలో ఆయన్ని చెరలో వేసి, మెడకు ఇనుప పట్టీ బిగించి, కాళ్లను బొండలో నాలుగో రంధ్రం దాకా చాపి రోజుల తరబడి ఉంచారు. విశ్వాసం వదల్లేదు. చెర నుంచి బయటికొచ్చాక ఎన్నో ఏళ్లు బతకలేదు. అరవై తొమ్మిదో ఏట పోయాడు. సమాధి తూరులో ఉందని తర్వాతి శతాబ్దపు బైబిలు పండితుడు జెరోమ్ రాశాడు.

జీవితం ఎక్కడ చదవాలి అంటే ముందు యూసేబియస్ 'సంఘ చరిత్ర' ఆరో భాగం. పైన చెప్పిన వివరాల్లో చాలావరకు అక్కడివే. యూసేబియస్ కైసరయవాడు, ఓరిగెన్ ఉత్తరాలు చేతిలో పెట్టుకుని రాశాడు, అభిమానం దాచుకోడు. నపుంసకత్వం కథ కూడా ఆయన చెప్పిందే. కానీ ఓరిగెన్ ముసలితనంలో మత్తయి వ్యాఖ్యానం రాస్తూ, అదే వచనాన్ని అక్షరాలా తీసుకునేవాళ్లను గట్టిగా ఖండించాడు. యూసేబియస్ తర్వాత శిష్యుడు గ్రెగొరీ కైసరయ విడిచి వెళ్తూ చేసిన వీడ్కోలు ప్రసంగం చదవండి. దాని రచయిత వేరే గ్రెగొరీ కావచ్చని కొందరు పండితులంటారు. ఎవరిదైనా, తరగతిలో ఓరిగెన్ ఎలా ఉండేవాడో ఒక విద్యార్థి కళ్లతో చూపించే రచన మనకు అదొక్కటే. రెండింటిలో ఒక్కటే చదివే తీరిక ఉంటే యూసేబియస్.

ఇక ప్రసంగాలు. యూసేబియస్ మాట ప్రకారం, ఓరిగెన్ అరవై దాటేదాకా తన ప్రసంగాలను ఎవరినీ రాసుకోనివ్వలేదు. అంటే మన చేతికి వచ్చినవి ముదిరిన వయసులో, సంఘం ఎదుట, తెరిచిన లేఖనం ముందు నిలబడి చెప్పినవి. ఒక్కొక్కటీ ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎదురుగా కూర్చున్న జనం కనిపిస్తారు. నిర్గమకాండము మీద పన్నెండో ప్రసంగంలో, వాక్యపఠనం కాగానే లేచిపోయేవాళ్లను, ప్రభువు మందిరంలోనే మూలలు చూసుకుని లోకవిషయాలు మాట్లాడుకునేవాళ్లను మందలిస్తాడు. ఆదికాండము పదో ప్రసంగంలో, రిబ్కా రోజూ బావికి వచ్చింది కాబట్టే అబ్రాహాము సేవకుడికి ఎదురైందని చెప్పి, పండగలప్పుడు మాత్రమే గుడికి వచ్చేవాళ్లను నిలదీస్తాడు, మిగతా రోజులు పండగలు కావా అని. నిర్గమకాండము పదమూడో ప్రసంగంలో ఇంకా పదునైన మాట ఉంది. ప్రభువు శరీరాన్ని అందుకునేటప్పుడు చిన్న ముక్క కూడా కింద పడకుండా ఎంత జాగ్రత్తపడతారు, మరి ఆయన వాక్యం కింద పడిపోతుంటే అది చిన్న తప్పని ఎందుకు అనుకుంటారు? మన ఊళ్లలో పాస్టర్లకూ గురువులకూ ఈ వేదన కొత్తగా అనిపించదు.

ఒక్క ప్రసంగమే చదవగలనంటే సంఖ్యాకాండము మీద ఇరవై ఏడోది చదవండి. సంఖ్యాకాండము 33లో ఇశ్రాయేలీయులు రామెసేసు నుంచి యొర్దాను దాకా దిగిన చోట్ల జాబితా ఉంటుంది. ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని పెట్టుకున్న ఎవరైనా ఆ అధ్యాయం దగ్గర కళ్లు పరిగెత్తిస్తారు. ఓరిగెన్ ఆ సంగతితోనే మొదలుపెడతాడు. ఎస్తేరు, యూదితు, తోబీతు చదివితే జనం ఆనందంగా వింటారు, సంఖ్యాకాండము చదివితే ఇది మనకెందుకని ఉమ్మేస్తారు అంటాడు. ఆపైన ఆ ఊళ్ల పేర్లను ఒక్కొక్కటిగా తీసుకుని ఆత్మ దేవుని వైపు నడిచే నలభై రెండు మజిలీలుగా విప్పుతాడు. మత్తయి మొదటి అధ్యాయంలో క్రీస్తు దాకా నలభై రెండు తరాలు. ఆయన అన్ని మెట్లు దిగి మన దగ్గరికి వచ్చాడు, మనం అన్నే మెట్లు ఎక్కి ఆయన దగ్గరికి వెళ్తాం. మారా చేదు దాటకుండా ఏలీము ఖర్జూర చెట్ల నీడ దొరకదు, ఆ నీడ కూడా ఆగిపోయే చోటు కాదు. ఇంత ఎండిన అధ్యాయంలోంచి ఇంత నీళ్లు తోడిన బోధకుణ్ణి నేను వేరే చూడలేదు.

యెహోషువ మీద ప్రసంగాల విషయంలో మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. గ్రీకులో యెహోషువ, యేసు ఒకటే పేరు. అందుకని ఆ గ్రంథంలోని యుద్ధాలన్నీ మన లోపలి పాపాల మీద యేసు చేసే యుద్ధాలుగా ఓరిగెన్ చదువుతాడు. ఆ శారీరక యుద్ధాలు ఆత్మీయ యుద్ధాలకు గుర్తులు కాకపోతే, సమాధానం నేర్పడానికి వచ్చిన క్రీస్తు శిష్యులకు అపొస్తలులు ఆ పుస్తకాన్ని అప్పగించేవారే కాదని పదిహేనో ప్రసంగంలో తేల్చి చెబుతాడు. కనాను యుద్ధాలు చదివి మనసు నొచ్చుకున్నవాళ్లకు ఈ ప్రసంగాలు నిజంగా పనికొస్తాయి. కానీ వచనానికి ముందు చారిత్రక సందర్భం కావాలని అలవాటైనవాళ్లకు అతిగా అనిపిస్తాయి, వాళ్లు ఇక్కడ మొదలుపెట్టకపోవడమే మంచిది. యూదుల గురించి ఆయన కటువుగా మాట్లాడే చోట్లు కూడా తగులుతాయి. హెబ్రీ పండితుల దగ్గర నేర్చుకున్న మనిషే అలా మాట్లాడటం బాధ కలిగిస్తుంది.

ఏ ప్రసంగాల సంపుటి తీసుకోవాలన్నది అనువాదం మీద కూడా ఆధారపడుతుంది. గ్రీకు మూలాల్లో ఎక్కువ భాగం పోయింది. ఆదికాండము నుంచి న్యాయాధిపతుల దాకా మనకు దక్కింది జెరోమ్ కాలపు అనువాదకుడు రుఫీనస్ చేసిన లాటిన్ అనువాదం. ఆదికాండము, నిర్గమకాండము, ముఖ్యంగా లేవీయకాండము ప్రసంగాల్లో ఖాళీలు తానే నింపానని, యెహోషువ, న్యాయాధిపతుల ప్రసంగాలను మాత్రం ఉన్నది ఉన్నట్టు తిప్పానని రుఫీనసే చెప్పుకున్నాడు. లూకా ప్రసంగాలు 39, అవి జెరోమ్ లాటిన్‌లో వచ్చాయి. ఓరిగెన్ సొంత గొంతు మధ్యవర్తి లేకుండా వినాలంటే యిర్మీయా ప్రసంగాలు తీయండి, వాటిలో ఇరవై గ్రీకులోనే మిగిలాయి. ఇంకొక ఆనందకరమైన సంగతి ఉంది. 2012లో మ్యూనిక్ గ్రంథాలయంలో మరీనా మోలిన్ ప్రదెల్ అనే పరిశోధకురాలు ఒక పాత రాతప్రతిని పట్టిక చేస్తూ కీర్తనల మీద ఓరిగెన్ చేసిన 29 ప్రసంగాలు గ్రీకులో ఉన్నాయని గుర్తించింది. జోసెఫ్ ట్రిగ్ ఇంగ్లీషు అనువాదం 2020లో వచ్చింది. రోజూ కీర్తనలు చదివేవాళ్లు నా మాట పక్కనబెట్టి వీటితోనే మొదలుపెట్టినా అభ్యంతరం చెప్పను.

ప్రార్థన జీవితం కోసం వెతుకుతున్నవాళ్లకు 'ప్రార్థన గురించి' అనే చిన్న గ్రంథం ఉంది. అంబ్రోస్, తాతియానా అనే ఇద్దరి కోసం 230ల మధ్యలో రాసింది. దేవుడికి అన్నీ ముందే తెలుసు కదా, ఇక అడగడం దేనికి అన్న ప్రశ్నతో మొదలవుతుంది. మన స్వేచ్ఛతో చేసే ప్రార్థన కూడా దేవుడు ముందే ఎరిగి తన ఏర్పాటులో చేర్చుకున్నదే అని ఓరిగెన్ జవాబు. పరిశుద్ధుని జీవితమంతా కలిపి ఒకే గొప్ప ప్రార్థన అన్న ప్రసిద్ధమైన మాట ఇందులోదే. తర్వాత ప్రభువు ప్రార్థనకు వాక్యం వాక్యంగా వివరణ ఉంటుంది. చివర్లో చేతులు చాపి కళ్లెత్తి నిలబడడం, పాపాలు ఒప్పుకునేటప్పుడు మోకరించడం, ఇంట్లో ఒక శుభ్రమైన చోటు కేటాయించుకోవడం, తూర్పుకు తిరగడం దాకా చెబుతాడు. ఒక్క జాగ్రత్త. ప్రార్థన తండ్రికే చేయాలి, కుమారుని ద్వారా చేయాలి, కుమారునికే కాదు అని పదిహేనో అధ్యాయంలో అంటాడు. త్రియేకత్వం గురించి తీర్మానించిన నైసియా మహాసభకు (325) తొంభై ఏళ్ల ముందటి మాట అది. త్రియేకత్వం మీద తర్వాత స్థిరపడిన భాషతో ఆయన్ని కొలవకుండా చదవాలి.

'హతసాక్ష్యానికి ప్రోత్సాహం' 235లో మాక్సిమినస్ చక్రవర్తి హింస మొదలైనప్పుడు అంబ్రోస్‌కీ ప్రొతోక్తెతస్ అనే పెద్దకీ రాసిన ఉత్తరం లాంటిది. రాసినవాడు హతసాక్షి కొడుకని గుర్తుంచుకుని చదివితే ప్రతి పుటా బరువుగా ఉంటుంది. మక్కబీయుల రెండో గ్రంథంలోని తల్లీ ఏడుగురు కొడుకుల కథ ఇందులో కీలకం. కథోలికుల తెలుగు బైబిల్లో అది ఉంది. ప్రొటెస్టెంటు పాఠకులు ఆ ఏడో అధ్యాయం ఎక్కడైనా ముందుగా చదువుకోవాలి.

విశ్వాసం మీద విమర్శలు, జవాబులు కావాలనుకునేవాళ్లకు 'సెల్సస్‌కు జవాబు' ఒక్కటే దారి. సెల్సస్ అనే తత్వవేత్త రెండో శతాబ్దం చివర్లో 'సత్యవాక్యం' అనే పుస్తకం రాసి క్రైస్తవులను ఎండగట్టాడు. డెబ్బై ఏళ్ల తర్వాత, 248 ప్రాంతంలో, అంబ్రోస్ కోరితే ఓరిగెన్ ఎనిమిది భాగాల్లో జవాబిచ్చాడు. సెల్సస్ పుస్తకం పోయింది. ఓరిగెన్ నిజాయితీగా వాక్యాలకు వాక్యాలు ఎత్తిరాయడం వల్లే మనకది తెలుసు. ముందుమాటలో యేసు అబద్ధసాక్షుల ఎదుట మౌనంగా ఉన్నాడని, ఆయన శిష్యుల జీవితమే అసలు జవాబని, గట్టి విశ్వాసికి ఈ పుస్తకం అక్కర్లేదని ఓరిగెన్ రాశాడు.

తెలుగు క్రైస్తవులు ప్రత్యేకంగా చదవాల్సింది మూడో భాగం అని నా నమ్మకం. క్రైస్తవులు ఉన్నిపనివాళ్లను, చెప్పులు కుట్టేవాళ్లను, బట్టలుతికేవాళ్లను, చదువులేనివాళ్లను, ఇళ్లలో ఆడవాళ్లను, పిల్లలను పోగేసుకుంటారని సెల్సస్ వెక్కిరింపు. 1878లో ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి వాళ్ల బిడ్డలు ఈ వెక్కిరింపును ఎన్ని రూపాల్లో విన్నారో మనకు తెలుసు. ఓరిగెన్ దాన్ని కాదనడు, సిగ్గుపడడు. అవును, సెల్సస్‌కు ఇష్టం లేకపోయినా అందరికీ వాక్యం నేర్పాలనే మా కోరిక అంటాడు. దాసుడు కూడా స్వేచ్ఛగల మనసు సంపాదించి వాక్యం చేత ఘనుడు కాగలడని చూపిస్తాం అంటాడు. జ్ఞానులనూ పిలుస్తాం, కానీ జ్ఞానం లేనివాణ్ణి వెళ్లగొట్టం అంటాడు. ఈ కొద్ది పుటల కోసమైనా పుస్తకం కొనవచ్చు. ఏ జాతి ఆచారం ఆ జాతి పాటించాలన్న సెల్సస్ వాదనకు ఐదో భాగంలోను, మీరు సైన్యంలో చేరి చక్రవర్తికి సాయపడరేం అన్న ప్రశ్నకు ఎనిమిదో భాగం చివరలోను జవాబులున్నాయి. మేం ప్రార్థనతో భక్తి సైన్యంగా పోరాడుతున్నాం అన్నది ఆ రెండో దానికి ఆయన జవాబు. మొత్తం ఏకబిగిన చదవడం కష్టం, వాదన ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ముందుమాట, మూడు, ఐదు, ఎనిమిది చాలు. హెన్రీ చాడ్విక్ 1953 అనువాదం దీనికి సరైనది.

ఇప్పుడు ప్రథమ సూత్రాలు. 220లలో అలెగ్జాండ్రియాలో రాసింది, నాలుగు భాగాలు. పరీక్ష కోసం తప్పనిసరైనా సరే, వరసగా చదవకండి. మొదట ముందుమాట చదవండి. అపొస్తలులు స్పష్టంగా అప్పగించినవి ఇవి, తేల్చకుండా విడిచినవి ఇవి అని ఓరిగెన్ అక్కడ గీత గీస్తాడు. తర్వాత ఆయన చేసే సాహసాలన్నీ ఆ రెండో గదిలోవే. ఆ గీత చూడకుండా చదివితే వెతుకులాటను సిద్ధాంతంగా పొరబడతాం. ముందుమాట అయ్యాక నాలుగో భాగానికి వెళ్లండి, లేఖనాలను ఎలా చదవాలో అక్కడ ఉంది. తర్వాత మూడో భాగం మొదటి అధ్యాయం, మనిషి స్వేచ్ఛ గురించి. ఈ రెండు చోట్లా గ్రీకు మూలం చాలావరకు మిగిలింది. కొలిమిలో పెట్టిన ఇనుము నిప్పైపోయినట్టు యేసు ఆత్మ వాక్యంలో ఏకమైందన్న పోలిక రెండో భాగం ఆరో అధ్యాయంలో ఉంది, అది వదలకండి. అన్నిటికి కుదురుబాటు, అంటే చివరికి అందరూ రక్షింపబడతారన్న మాట, గురించిన వివాదం చివరకు పెట్టుకోండి. 'దేవుడు సర్వములో సర్వమగు' అన్న 1 కొరింథీ 15:28 మీద ఆయన ఆశ నిలబడింది. సాతాను కూడా రక్షింపబడతాడని తాను చెప్పినట్టు ప్రచారం చేసినవాళ్లను ఆయనే ఒక ఉత్తరంలో ఖండించాడు. 543లో జస్టినియన్ ఉత్తర్వు వెలువడింది. 553 కాన్‌స్టాంటినోపుల్ మహాసభ శాపాల్లో ఆయన పేరు చేరింది. అప్పటికి ఆరో శతాబ్దపు సన్యాసుల ఊహలు ఎన్నో ఆయన పేరు మీద చేరిపోయాయి.

ఈ గ్రంథానికి కూడా పూర్తిగా దక్కింది రుఫీనస్ 398లో చేసిన లాటిన్ అనువాదమే. సంఘ బోధకు విరుద్ధంగా తోచినవి సరిదిద్దానని ఆయన ఒప్పుకున్నాడు. బటర్‌వర్త్ 1936 అనువాదం చవకగా దొరుకుతుంది గాని, శత్రువులు ఉటంకించిన ముక్కలను కూడా ఓరిగెన్ మాటలుగా మధ్యమధ్య చేర్చిన జర్మన్ సంచికను అనుసరించింది. జాన్ బెహర్ 2017 అనువాదంలో ఆ ఇబ్బంది లేదు. కాలేజీ గ్రంథాలయంలో ఉంటే అదే తీసుకోండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పందొమ్మిదో శతాబ్దపు అనువాదం సంప్రదించడానికి సరిపోతుంది, సుఖంగా చదవడానికి సరిపోదు.

ఒకే పుస్తకం కొనగలిగే స్థితిలో ఉన్నవాళ్లకు రోవన్ గ్రీర్ 1979లో చేసిన సంపుటి చెబుతాను. ప్రార్థన గ్రంథం, హతసాక్ష్యానికి ప్రోత్సాహం, ప్రథమ సూత్రాల నాలుగో భాగం, పరమగీతము వ్యాఖ్యానానికి ముందుమాట, నేను పైన పొగిడిన సంఖ్యాకాండము ఇరవై ఏడో ప్రసంగం, ఐదూ అందులోనే ఉన్నాయి. ఆ ప్రసంగంతో మొదలుపెట్టి వెనక్కి రండి. పరమగీతము ముందుమాట నచ్చితే జెరోమ్ అనువదించిన రెండు పరమగీతము ప్రసంగాలు వెతకండి. పెండ్లికుమారుడు దగ్గరికి వచ్చినట్టే వచ్చి చటుక్కున తొలగిపోవడం ఎన్నోసార్లు అనుభవించానని, దేవుడే సాక్షి అని ఓరిగెన్ మొదటి ప్రసంగంలో చెబుతాడు. తన లోపలి సంగతి అంత బాహాటంగా ఆయన చెప్పుకోవడం అరుదు.

యోహాను సువార్త వ్యాఖ్యానాన్ని ఇవన్నీ అయ్యాకే ముట్టుకోండి. ముప్పై రెండు భాగాల దాకా వెళ్లినదాంట్లో తొమ్మిదే మిగిలాయి, మొదటి భాగమంతా 'ఆదియందు వాక్యముండెను' అన్న మాట దగ్గరే గడిచిపోతుంది. ఓపిక లేకపోతే పదమూడో భాగంలో సమరయ స్త్రీ, ఇరవై ఎనిమిదిలో లాజరు, ముప్పై రెండులో ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం తీసుకోండి. మూడింటిలో ముప్పై రెండోది ముందు.